వెనుక నుంచి ఢీకొన్నప్పుడు కాపాడేది సీటే: కొన్ని అపోహలు, వాస్తవాలు

కారు కొనేవారు ఎయిర్‌బ్యాగులు ఎన్ని, స్టార్లు ఎన్ని అని అడుగుతారు గాని, సీటు విషయానికి వచ్చేసరికి మెత్తగా ఉందా, లెదరా కాదా అన్నంత వరకే చూస్తారు. సీట్ల రూపకల్పనలో, వాటి పరీక్షల్లో పనిచేసే ఇంజనీరుగా నాకు ఇది బాధ కలిగిస్తుంది. సంక్రాంతికి ముందు హైదరాబాద్-విజయవాడ రహదారి మీది పంతంగి టోల్ ప్లాజా వరుసలో ఆగి ఉన్న కారును వెనుక నుంచి లోడు లారీ గుద్దితే, లోపలి మనిషికీ ఆ దెబ్బకీ మధ్య నిలిచేది ముఖ్యంగా సీటే.

అపోహ: హెడ్‌రెస్ట్ తల వాల్చుకోవడానికి పెట్టిన సౌకర్యం, అడ్డమనిపిస్తే తీసేయవచ్చు.

వాస్తవం: కారు వెనుక నుంచి దెబ్బ తిన్నప్పుడు సీటు నడుమునూ వీపునూ ఒక్కసారిగా ముందుకు తోస్తుంది, తలను తోసే ఆధారం ఇంకా అందకపోవడంతో అది ఉన్నచోటే ఉండిపోతుంది. ఆ క్షణంలో మెడ కింది భాగం వెనక్కీ, పై భాగం ముందుకూ వంగి, మెడ ఎస్ అక్షరం ఆకారంలోకి వస్తుంది. ఇదంతా సుమారు సెకనులో పదో వంతు కాలంలో జరిగిపోతుంది కాబట్టి, కండరాలు బిగుసుకుని మెడను కాపాడుకునే వ్యవధి ఉండదు. తలకూ హెడ్‌రెస్ట్‌కూ మధ్య ఖాళీ ఎంత తక్కువగా ఉంటే తల, వీపు అంత త్వరగా కలిసి కదులుతాయి, మెడ మీద ఒత్తిడి అంతగా తగ్గుతుంది. అమెరికాలో 1969 నుంచే ముందు సీట్లకు హెడ్‌రెస్ట్ తప్పనిసరి. ఇప్పటి అక్కడి నియమం ప్రకారం ఈ ఖాళీ 55 మిల్లీమీటర్లు మించకూడదు, అంటే దాదాపు మూడు వేళ్ల వెడల్పు.

కాబట్టి హెడ్‌రెస్ట్ పై అంచు నడినెత్తి ఎత్తుకు వచ్చేలా లేపి, బ్యాక్‌రెస్ట్‌ను మరీ వాల్చకుండా నిటారుగా కూర్చోవాలి. వెనుక సీట్ల హెడ్‌రెస్టులను కిందికి నొక్కి వదిలేసే అలవాటు మన ఇళ్లలో చాలా ఎక్కువ. అక్కడ పెద్దవాళ్లు కూర్చున్న ప్రతిసారీ వాటిని పైకి లేపండి. హెడ్‌రెస్ట్‌కు కట్టుకునే మెడ దిండ్లను నేను ఎవరికీ సిఫారసు చేయను. మెడను ముందుకు తోసో, తల వెనుక ఖాళీని పెంచో అవి సీటు తయారీదారు ఎంతో శ్రమించి కుదిర్చిన కొలతను చెడగొడతాయి.

అపోహ: ఎయిర్‌బ్యాగులు, అయిదు స్టార్లు ఉన్న కారుకు ఈ భయం లేదు.

వాస్తవం: వెనుక దెబ్బకు ముందు ఎయిర్‌బ్యాగులు సాధారణంగా విచ్చుకోవు, విచ్చుకోవాల్సిన పనీ లేదు. కార్లను గుద్ది పరీక్షించి స్టార్లు ఇచ్చే మన దేశపు కార్యక్రమం భారత్ ఎన్‌క్యాప్. 2023లో మొదలైన దాని ప్రారంభ విధానంలో పెద్దల భద్రతకు ఇచ్చే మార్కులు ముందు, పక్క దెబ్బల పరీక్షల నుంచి వచ్చేవే. ఆ స్టార్లు విలువైనవే గాని, వెనుక దెబ్బకు మెడ ఏమవుతుందో అవి చెప్పవు.

అపోహ: వెనుక నుంచి గుద్దితే మనిషి సీటుకే అదుముకుంటాడు కాబట్టి బెల్టుతో పని లేదు.

వాస్తవం: బ్యాక్‌రెస్ట్ వెనక్కి వంగిన కొద్దీ శరీరం దాని మీదుగా పైకి జారుతుంది; అలా జారకుండా నడుమును పట్టి ఉంచేది బెల్టే. సీటు తిరిగి ముందుకు విసిరినప్పుడూ, మన కారు వెళ్లి ముందున్న వాహనాన్ని గుద్దినప్పుడూ ఆదుకునేదీ అదే.

అపోహ: అనుమతి పొంది అమ్ముతున్న సీటు ఎంత దెబ్బకైనా విరగదు.

వాస్తవం: ఇది నన్ను ఎక్కువగా కలవరపెట్టే అపోహ. అమెరికాలో సీట్ల బలానికి సంబంధించిన 207వ ప్రమాణం 1960ల నాటిది. అది బ్యాక్‌రెస్ట్ నుంచి కోరేది 373 న్యూటన్ మీటర్ల వంచే బలాన్ని తట్టుకోవడం మాత్రమే, అంటే 60 సెంటీమీటర్ల ఎత్తున సుమారు 63 కిలోల బరువుతో లాగినంత. ఐక్యరాజ్యసమితి 17వ నియమం 530 న్యూటన్ మీటర్లు కోరుతుంది. చాలా కంపెనీలు ఈ కనీసాన్ని దాటి సీట్లు తయారు చేస్తున్నా, పాత అమెరికా ప్రమాణాన్ని మార్చాలన్న ఒత్తిడి ఏళ్లుగా సాగింది; 2024లో అక్కడి ప్రభుత్వ సంస్థ ఆ దిశగా ఒక ముందస్తు ప్రకటన వెలువరించింది.

సమాన బరువున్న కారు 40 కిలోమీటర్ల వేగంతో గుద్దితే ఆగి ఉన్న కారు సుమారు 20 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అదే వేగంతో లోడు లారీ గుద్దితే దాదాపు 40 కిలోమీటర్లూ అందుకుంటుంది. అంతటి దెబ్బకు బలహీనమైన బ్యాక్‌రెస్ట్ వెనక్కి కూలితే, ముందు మనిషి వెనుక సీటులోని పిల్లవాడి మీద పడతాడు. అలాగని ఏమాత్రం వంగని సీటు కావాలనుకోవడమూ సరి కాదు, ఎందుకంటే చిన్న దెబ్బల్లో కొద్దిగా వంగి శక్తిని పీల్చుకునే సీటే మెడను కాపాడుతుంది. వోల్వో 1998లో తెచ్చిన విప్స్ సీటు ఈ రెంటినీ కలిపే ప్రయత్నం: అది అదుపులో కొంత దూరం వెనక్కి కదులుతుంది, కూలిపోదు. వెనుక సీటులో ఒక్క పిల్లవాడే ఉండి, ముందు ఒక సీటు ఖాళీగా ఉంటే, ఆ ఖాళీ సీటు వెనుకే కూర్చోబెట్టడం మంచిది.

అపోహ: బంపర్‌కు గీతే పడింది కాబట్టి మెడకు ఏమీ కాలేదు.

వాస్తవం: కారు పెద్దగా నలగకపోయినా, దెబ్బ సీటు ద్వారా మెడకు చేరవచ్చు. మెడ నొప్పి మర్నాటికి గాని బయటపడకపోవచ్చు. చేతుల్లో తిమ్మిరి, బలహీనత కనిపిస్తే మర్దనాలు మాని వెంటనే వైద్యులను చూడాలి.

అపోహ: వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీటు ముందు దెబ్బకు మంచిదే గాని, వెనుక దెబ్బకు ప్రమాదకరం.

వాస్తవం: తల్లిదండ్రుల భయం అర్థం చేసుకోదగినదే. అయితే ఇలాంటి సీట్లను వెనుక దెబ్బకూ పరీక్షిస్తారు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో చేసిన పరీక్షల్లోనూ అవి పిల్లల తలనూ మెడనూ బాగానే కాపాడాయి. ఐక్యరాజ్యసమితి 129వ నియమం 15 నెలలు దాటే వరకు బిడ్డను వెనక్కి తిప్పే ఉంచాలంటుంది. ఆ తరువాత కూడా సీటు అనుమతించే ఎత్తు, బరువు వరకు అలాగే కొనసాగించమని నా సలహా. ఆ సీటును పనిచేస్తున్న ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో మాత్రం ఎన్నడూ బిగించకూడదు, ఎందుకంటే విచ్చుకునే ఎయిర్‌బ్యాగ్ నేరుగా బిడ్డ తల వెనుక ఉన్న సీటు భాగాన్నే బలంగా కొడుతుంది.