టమాటా పూత ఎందుకు రాలుతోందంటే

హ్యూస్టన్ పిల్లలందరికీ,

జూన్ వచ్చిందంటే మీ అందరిదీ ఒకటే గోల. "అమ్మమ్మా, మొక్క ఇంత ఏపుగా ఉంది, పూత కూడా వస్తోంది, మరి కాయ ఏదీ?" అని. ఎరువు చాల్లేదేమో అని మీ నాన్నలు ఇంకో గుప్పెడు చల్లుతారు. చల్లనివ్వకండి. ఎరువు ఎక్కువైతే ఆకే తప్ప కాయ ఉండదు.

రాలిన పువ్వొకటి ఏరి అరచేతిలో పెట్టుకుని చూడండి. కాడ మధ్యలో చిన్న కణుపుంటుంది. అక్కడ పసుపు తిరిగి, సరిగ్గా అక్కడే తెగింది, చూశారా? పువ్వు నడుమ పసుపుపచ్చ గొట్టం ఉంది కదా, పుప్పొడి ఉండేది అందులోనే. రాత్రి కూడా 75 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఉక్కపోస్తుంటే ఆ పుప్పొడి సరిగ్గా తయారుకాదు. అయిన కాస్తా మెక్సికో గల్ఫ్ సముద్రం మీంచి వచ్చే తేమకు ముద్దకట్టి గొట్టంలోనే ఉండిపోతుంది. పుప్పొడి అందని పువ్వును మొక్క వదిలేసుకుంటుంది. అందరూ పగటి ఎండనే తిడతారు గానీ, ఇక్కడ టమాటాకు అసలు శత్రువు రాత్రి ఉక్క.

అందుకని మార్చి మొదట్లోనే నారు నాటేయాలి. మళ్లీ చలి విరుచుకుపడితే ఆ రాత్రికి పాత దుప్పటి కప్పండి. జూలై ఆఖర్లో ఇంకో విడత నాటితే చలికాలం లోపు మరోసారి కాస్తాయి. చెర్రీ టమాటాలైతే వేడికి కాస్త ఓర్చుకుంటాయి.

నడివేసవిని బెండకీ, బీరకీ, బచ్చలికీ, గోంగూరకీ వదిలేయండి. వాటికిది పుట్టింటి వాతావరణమే. బీరపువ్వు సాయంత్రం పూట విచ్చుకుంటుంది. అడుగున వేలెడంత పిందె ఉంటే ఆడపువ్వు, లేకపోతే మగది. కాయలు నిలవకపోతే మగపువ్వు కోసి ఆడపువ్వుకు మెల్లగా రాయండి.

ఇక్కడి నల్ల బంకమట్టి వానొస్తే నీళ్లు పట్టుకుని వదలదు, వేళ్లు కుళ్లిపోతాయి. మడి ఎత్తుగా కట్టమనండి. నీళ్లు పొద్దున్నే, ఆకు తడవకుండా మొక్క మొదట్లోనే పోయాలి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే తెగుళ్లొస్తాయి. చెప్పుల్లేకుండా మాత్రం వెళ్లకండి, ఆ ఎర్రచీమలు కుడితే పొక్కులే.

కరివేపాకు కుండీలోనే పెంచండి, గడ్డకట్టే చలి రాగానే ఇంట్లోకి తెచ్చుకోవచ్చు. వేరే రాష్ట్రం నుంచి ఎవరైనా మొక్క తెస్తామంటే మాత్రం వద్దనండి. నిమ్మ, నారింజ చెట్లను చంపే తెగులును మోసే బుల్లి పురుగు కరివేపాకు మీదా బతుకుతుంది. పక్కింటివాళ్ల నారింజ చెట్టు మన వల్ల పోకూడదు కదా.

మీ అమ్మమ్మ