పేరుకునే మందు, మధ్యలో ఆగిన ట్రయల్

2025 మే 21న అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ పిలిచిన క్యాన్సర్ నిపుణుల కమిటీ, మూత్రాశయ క్యాన్సర్‌కు వాడే ఒక జెల్ మందు మీద ఓటేసింది. ప్రయోజనం రిస్కును మించి ఉందా అని అడిగితే నలుగురు ఉందన్నారు, ఐదుగురు లేదన్నారు. 22 రోజులకు, జూన్ 12న, ఎఫ్‌డీఏ ఆ మందుకే అనుమతి ఇచ్చేసింది. కమిటీ మాటకు కట్టుబడాలన్న రూలు లేదు కాబట్టి అందులో చట్టపరంగా తప్పేమీ లేదు. కానీ క్యాన్సర్ గడ్డ ఉన్నచోటే మందు పెట్టే హైడ్రోజెల్‌లకు (నీటిని పట్టి ఉంచుకునే జెల్‌లకు) ఎంత రుజువు ఉంటే చాలన్న పాత తగువు మళ్ళీ మొదలైంది.

 

మందు పేరు జుస్డూరి, కంపెనీ యూరోజెన్. లోపలున్న మైటోమైసిన్ పాతదే. మూత్రాశయ క్యాన్సర్‌కు దశాబ్దాలుగా వాడుతున్నారు, మన ఊళ్ళలో కూడా. మామూలుగా దాన్ని ద్రవంలో కలిపి సన్నటి గొట్టంతో మూత్రాశయంలోకి ఎక్కించి, గంటో రెండు గంటలో ఆపుకోమంటారు. ఆ తర్వాత మూత్రంతో పాటు మందూ పోతుంది. యూరోజెన్ మార్చింది మందుని కాదు, అది ఉండే తీరుని. నెయ్యి చల్లబడితే పేరుకుంటుంది. ఈ జెల్ దానికి ఉల్టా, చల్లగా ఉన్నంతసేపు జారుతుంది, వేడి తగలగానే పేరుకుంటుంది. ఇందులో ఉండే పోలోక్సామర్ 407 అనే పాలిమర్ గొలుసులో రెండు చివర్లకూ నీళ్ళంటే ఇష్టం, మధ్య ముక్కకు పడదు. వేడెక్కేకొద్దీ మధ్య ముక్కలు నీటిని వదిలి గుంపులు కడతాయి. ఆ గుంపులు కదలడానికి సందు లేనంత ఇరుకైతే అదే జెల్. గది వేడికే గట్టిపడే రకం కావడంతో సిరంజిలోకి తీసేముందు సీసాని ఐసులో ఉంచాలి. లోపలికెళ్ళాక అది కొన్ని గంటలపాటు మూత్రంలో కొద్దికొద్దిగా కరుగుతూ మందుని వదులుతుంది. మైటోమైసిన్ రంగు వల్ల మూత్రం ఊదాగానో నీలంగానో వస్తుంది. ముందే చెప్పకపోతే పేషెంటు హడలిపోతాడు.

ఇదే టెక్నాలజీతో వచ్చిన మొదటి మందు జెల్మైటోకి 2020 ఏప్రిల్‌లో అనుమతి దొరికింది. అప్పుడు ఇంత రభస లేదు. అది కిడ్నీ లోపలి గిన్నెలోనూ, అక్కణ్ణుంచి దిగే గొట్టంలోనూ వచ్చే నెమ్మది రకం క్యాన్సర్‌కు. అలాంటి గడ్డకు చాలామందికి కిడ్నీనే తీసేసేవారు. ఒలింపస్ అనే ట్రయల్‌లో 71 మందిలో 41 మందికి గడ్డ పూర్తిగా పోయింది. 31 మందికి ఆ గొట్టం సన్నబడింది, అదేం చిన్న ఇబ్బంది కాదు. అయినా రెండో దారి కిడ్నీ తీసేయడం అయినప్పుడు, పోల్చడానికి ఇంకో గ్రూపేదని పట్టుబట్టేవాళ్ళు తక్కువే.

మూత్రాశయం సంగతి వేరు. అక్కడ నెమ్మది రకం గడ్డకు టీయూఆర్‌బీటీ అనే సర్జరీ ఉంది. కోత లేకుండా, మూత్రం వచ్చే దారినుంచే పరికరం పంపి గడ్డను గీకి తీసేస్తారు. జెల్ వచ్చి తీసేయాలనుకున్నది దీని చోటే. కాబట్టి పక్కపక్కన పెట్టి చూడాల్సిందే. కంపెనీ కూడా మొదట అదే చేసింది. 2021లో మొదలైన అట్లాస్ ట్రయల్‌లో సగం మందికి జెల్ ఇచ్చి అవసరమైతే సర్జరీ, మిగతా సగానికి నేరుగా సర్జరీ.

నా లెక్కలో ఈ కథంతా ఇక్కడే మలుపు తిరిగింది. అనుకున్న సంఖ్య చేరకముందే, 282 మంది దగ్గర, కంపెనీ చేర్చుకోవడం ఆపేసింది. బదులుగా 2022లో ఎన్విజన్ మొదలుపెట్టింది. అందులో 240 మంది, అందరికీ జెల్లే, వారానికొకటి చొప్పున ఆరు డోసులు. ఎఫ్‌డీఏతో మాట్లాడాకే దారి మార్చామంటుంది కంపెనీ. పోల్చిచూసే ట్రయల్ చేయమని పలుమార్లు చెప్పామని ఎఫ్‌డీఏ రివ్యూయర్లు కమిటీ ముందు రాతపూర్వకంగా పెట్టారు.

చిత్రమేమిటంటే, ఆపేసిన అట్లాస్ అంకెలు తర్వాత కంపెనీకి అనుకూలంగానే వచ్చాయి. 15 నెలలకు జబ్బు తిరగబెట్టనివారు జెల్ వైపు 72 శాతం, సర్జరీ వైపు 50 శాతం. ఆపేసే రోజుకు ఆ సంగతి ఎవరికీ తెలియదు. సగంలో ఆపిన ట్రయల్‌ కాబట్టి ఆ అంకెల బలమూ సగమే.

పోల్చడం ఎందుకింత ముఖ్యమో ఇంతకుముందు ఒక జెల్ చూపించింది. ఆంకోజెల్ కూడా వేడికి పేరుకునే రకమే, అందులో పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు ఉండేది. అన్నవాహిక క్యాన్సర్‌లో చిన్న ట్రయల్‌లో ఆశ పుట్టించింది. పోల్చే గ్రూపు పెట్టి చూసేసరికి గడ్డ మీద అదనపు ఫలితం కనిపించలేదు. బ్రిటన్‌లో క్యాలిబర్ ట్రయల్ జెల్ లేని మామూలు మైటోమైసిన్‌ని, 40 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు వారాలు ఇచ్చి చూసింది. గడ్డ పూర్తిగా పోయింది 37 శాతం మందికే, సర్జరీ వైపు దాదాపు 81 శాతం. అందులో డోసు తక్కువ, పేషెంట్లూ వేరు కాబట్టి ఎన్విజన్‌తో నేరుగా ముడిపెట్టకూడదు. అయితే జెల్ ఫలితంలో పేరుకునే గుణం వాటా ఎంత, పెరిగిన డోసు వాటా ఎంత అన్నది అట్లాస్ తేల్చలేదు, ఎన్విజన్ తేల్చలేదు.

జెల్ వైపు వాదన కొట్టిపారేసేది కాదు. ఈ జబ్బు ఎక్కువగా పెద్దవయసువాళ్ళది, పదేపదే తిరగబెడుతుంది, ప్రతిసారీ మత్తు, ఆపరేషన్ థియేటర్. దాన్ని తప్పించగలిగితే చాలన్నది వాళ్ళ మాట.

అనుమతి కూడా తిరగబెట్టిన కేసులకే. లేబుల్‌లో అంకెలు రెండు. మూడు నెలలకు 78 శాతం మందికి గడ్డ పూర్తిగా పోయింది, వాళ్ళలో 79 శాతం మందికి ఏడాది దాకా రాలేదు. ఆ రెండూ ఎన్విజన్‌వే. సర్జరీ చేయించుకున్నవాళ్ళ అంకె పక్కన వేద్దామంటే, ఆ ట్రయల్‌లో అలాంటివాళ్ళు ఒక్కరూ లేరు.