కర్టెన్లు: అపోహలు - వాస్తవాలు (ముదురు రంగు వేస్తే గది చల్లబడదండీ!)

పోయిన నెల మన విశాఖ మధురవాడలో ఒక కొత్త ఫ్లాట్‌కి కర్టెన్ కొలతలకు వెళ్లాను. నాలుగో అంతస్తు, పడమటి పడకగది. తలుపు తీస్తూనే ఆ ఇంటి అమ్మాయి, "అన్నయ్యా, మీ దగ్గరున్న వాటిలో బాగా మందంది, బాగా ముదురుది చూపించండి. ఎండ చంపేస్తోంది, పాప మధ్యాహ్నం పడుకోవట్లేదు" అంది. కిటికీకి అప్పటికే మెరూన్ వెల్వెట్ వేలాడుతోంది. 14 వేలు పెట్టి కొన్నారట. ఏసీ 20లో పెట్టినా గది చల్లబడటం లేదని మెకానిక్‌ని రెండుసార్లు పిలిపించారు. గ్యాస్ సరిగ్గానే ఉందని చెప్పి, విజిటింగ్ చార్జీ తీసుకుని వెళ్లిపోయాడు.

"కర్టెన్ పై అంచు దగ్గర, రాడ్ పక్కన చెయ్యి పెట్టి చూడమ్మా" అన్నాను. స్టూలెక్కి పెట్టి, చటుక్కున తీసేసింది. దోసె పెనం కాలిందో లేదో చూడ్డానికి చెయ్యి చాపితే తగులుతుందే, ఆ సెగ.

అపోహ: కర్టెన్ ఎంత మందం, ఎంత ముదురు అయితే గది అంత చల్లన.

నెలకు పదిమంది అడుగుతారు ఇదే మాట. ముదురు గుడ్డ ఆపేది వెలుతురుని. వేడి సంగతి వేరు. ఎండ అద్దం దాటిందంటే లోపలికి వచ్చేసినట్టే. ముదురు గుడ్డ ఆ ఎండను పీల్చుకుని కాగుతుంది. ఎండను సులువుగా లోపలికి రానిచ్చిన అద్దం, కాగిన గుడ్డ వదిలే వేడిని అంత సులువుగా బయటకు పోనివ్వదు. గుడ్డకీ అద్దానికీ మధ్య వేడెక్కిన గాలి పైకి లేచి, రాడ్ దగ్గరున్న సందులోంచి గదిలోకి వస్తుంది. దాని స్థానంలోకి కింద నుంచి మీ ఏసీ చల్లగాలి దూరుతుంది. అదీ కాగి పైకి లేస్తుంది. సాయంత్రం ఎండ దిగేదాకా ఇదే వరస. 14 వేలు పెట్టి కిటికీకి హీటర్ తగిలించుకున్నట్టు.

కాబట్టి చూడాల్సింది అద్దం వైపు రంగు. గది వైపు మెరూన్ ఉంచుకోండి, నెమలికంఠం ఉంచుకోండి, మీ ఇష్టం. వెనక మాత్రం తెల్లటి లైనింగ్ ఉండాలి. తెలుపు ఎండలో చాలాభాగాన్ని ఎండగానే వెనక్కి కొడుతుంది, అది అద్దంలోంచి బయటకు పోతుంది. తర్వాత పైన పెల్మెట్ (రాడ్‌ని పైనుంచీ ముందునుంచీ మూసే చెక్క పెట్టె), పక్కల కర్టెన్ గోడకు ఆనేలా వంచిన రాడ్. సందులు మూస్తే ఆ గాలి తిరగడం తగ్గుతుంది. ఆ అమ్మాయికి కొత్త కర్టెన్ అమ్మలేదు. ఉన్న వెల్వెట్‌కే తెల్ల లైనింగ్ కుట్టించి, ప్లైవుడ్ పెల్మెట్ కొట్టించాం. డబ్బులకని మళ్లీ వెళితే ఏసీ 25లో ఉంది, పాప నిద్రలో ఉంది. గుసగుసగా మాట్లాడి బిల్లు తీసుకుని వచ్చేశాను.

అసలు ఎండని అద్దానికి బయటే ఆపడం అన్నిటికంటే మేలు. మా నాన్న పూర్ణా మార్కెట్ దగ్గర మిషన్ కుట్టే రోజుల్లో రైల్వే క్వార్టర్స్ వరండాల వెదురు చిక్‌లకు (చుట్టి పైకి కట్టే వెదురుపుల్లల తెరలకు) నీలం గుడ్డ అంచులు కుట్టేవాడు. ఆ ఇళ్లలో ఏసీల్లేవు, మధ్యాహ్నం నిద్రలకు లోటూ లేదు. ఇప్పుడు అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు ఒప్పుకోవు, పై అంతస్తుల్లో గాలికి చిక్ నిలవదు. బాల్కనీ ఉంటే లోపలి అంచుకు కట్టుకుని, కింద కూడా తాడుతో బిగించండి. తుఫాను కబురు రాగానే విప్పి లోపల పెట్టండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్లకి ఎందుకో చెప్పక్కర్లేదు. వట్టివేళ్ల తడికలూ కొందరు అడుగుతారు. పొడి ఎండలుండే ఊళ్లలో అవి అమృతం. మన ఉక్కపోతలో నీళ్లు ఆరితే కదా చల్లదనం! వాసన మాత్రం గ్యారంటీ.

అపోహ: ఉత్తరం కిటికీకి ఎండే రాదు. విశాఖలో మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా నడినెత్తి సూర్యుడు కాస్త ఉత్తరం వైపే ఉంటాడు. ఆ రోజుల్లో సాయంత్రం ఎండ ఉత్తరం కిటికీలోంచి ఏటవాలుగా మంచం మీదే పడుతుంది. అక్కడా లైనింగ్ వేయించండి.

అపోహ: నాలుగడుగుల కిటికీకి నాలుగడుగుల కర్టెన్ చాలు. చాలదు. కనీసం రెండింతలు గుడ్డ ఉండాలి, లేకపోతే కుచ్చులు పడక దండెం మీద ఆరేసిన దుప్పటిలా ఉంటుంది. రెడీమేడ్ ముక్క సుమారు నాలుగడుగుల పన్నా ఉంటుంది, అంటే ఆ కిటికీకి రెండు కొనాలి. రాడ్ అటూ ఇటూ ఆరేసి అంగుళాలు ఎక్కువ పెట్టించండి. కర్టెన్ తీసినప్పుడు గోడ మీదకు పోతుంది, కిటికీ పెద్దదిగా కనబడుతుంది, గాలికి అడ్డం ఉండదు. పొడవు రెడీమేడ్‌లో ఐదు, ఏడు, తొమ్మిది అడుగులే దొరుకుతాయి. నేలకు జానెడు పైన ఆగిపోతే ఎదిగిన పిల్లాడికి పాత లాగు తొడిగినట్టుంటుంది, కుట్టించుకోండి. కాటన్ అయితే తడిపి ఆరేశాకే కత్తెర పెట్టమనండి.

అపోహ: షీర్ కర్టెన్ (వెలుతురు దూరే పల్చటి తెర) ఉంటే బయటివాళ్లకి ఏమీ కనబడదు. పగలు కనబడదు. రాత్రి లోపల లైటు వేశాక సినిమా హాలే. వెనక ఇంకో వరస కావాలి. సముద్రం వైపు ఫ్లాట్ వాళ్లు మాత్రం పొద్దుటి ఎండకి భయపడి బ్లాకౌట్ (వెలుతురు అసలు రానివ్వని గుడ్డ) వేయకండి బాబూ, లక్షలు పోసింది ఆ సముద్రం కోసమే కదా. స్క్రీన్ గుడ్డ (సన్న రంధ్రాల జల్లెడలాంటిది) రోలర్ బ్లైండ్, అంటే పైకి చుట్టుకునే తెర, వేస్తే మిరుమిట్లు తగ్గుతాయి, పడవలూ కనబడతాయి.

వాస్తు రంగులు: పంతులుగారిని అడగండి. ఆయన ఏ రంగు చెప్పినా లైనింగ్ తెలుపే.

అపోహ: రాడ్ ఏదైతేనేం, కనబడేది గుడ్డే కదా. ఉప్పు గాలి తగిలే ఇంట్లో ఇనుప రాడ్, ఇనుప బ్రాకెట్ వద్దు. స్టీల్ అయినా 202 కాకుండా, తుప్పును బాగా తట్టుకునే 304 గ్రేడ్ అడగండి. ఊరందరికీ చెప్పే నేనే పెదవాల్తేరులో మా అద్దింటికి మిగిలిపోయిన ఇనుప రాడ్ బిగించి, కొత్త తెల్ల కర్టెన్ వేశాను. రెండు వానాకాలాలకి ఐలెట్ల (రాడ్ దూర్చే రింగుల) చుట్టూ గోధుమరంగు తుప్పు గీతలు. నిమ్మకాయ, ఉప్పు, సర్ఫు, ఏదీ పని చేయలేదు. మా ఆవిడ దాన్ని నాలుగు ముక్కలు చేసింది. ఇప్పటికీ నా స్కూటర్ తుడిచేది ఆ గుడ్డతోనే.