శబ్దంలో గుర్తు పెట్టుకోవడం

గంటసేపు మాట్లాడింది రికార్డు చేసి తెర మీద చూస్తే ఎగుడుదిగుడుల పొడవాటి పట్టీ ఒకటి కనిపిస్తుంది, అంతే. మంచి మాట ఎక్కడ పడిందో, కుర్చీ ఎక్కడ కిర్రుమందో చూపుతో పట్టుకోవడం కష్టం. సెకనుకు 48,000 శాంపిళ్ల (శబ్దాన్ని కొలిచి దాచుకునే అంకెల) లెక్కన గంటకు 17 కోట్ల 28 లక్షలు. వాటిలో మనకు కావలసిన చోటికి దారి చూపేది మార్కర్.

నిజానికి అది ఒక స్థానం, దానికో పేరు, అంతకుమించి ఏమీ లేదు. శబ్దాన్ని ముట్టుకోదు. టేపుల రోజుల్లో ఈ పని చేత్తో జరిగేది. రీళ్లను ముందుకీ వెనక్కీ మెల్లగా తిప్పుతూ, మాట మొదలయ్యే చోటు టేపును చదివే ప్లేబ్యాక్ హెడ్ దగ్గరికి రాగానే టేపు వీపు మీద మైనపు పెన్సిల్‌తో గీత పెట్టేవారు. సెకనుకు 15 అంగుళాల వేగంతో తిరిగే టేపు మీద ఒక్క సెకను మాట 38 సెంటీమీటర్ల పొడవుంటుంది. టేపును కోసి అతికించేటప్పుడు బ్లేడు ఆ గీత దగ్గరే దిగేది.

ఇప్పుడు ఆ పని కంప్యూటర్‌లో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తుంది. రీపర్‌లో ఎం కీ, ఆడాసిటీలో కంట్రోల్ ఎం నొక్కితే చాలు, మార్కర్ పడుతుంది, రికార్డింగ్ ఆగదు. అందుకే నేను గట్టిగా చెప్పేది, వింటున్నప్పుడే గుర్తు పెట్టండి. తర్వాత వెతుక్కుందాంలే అనుకుంటే మళ్లీ గంటంతా వినాలి. తప్పు చెవిన పడ్డాకే వేలు కదులుతుంది కాబట్టి మార్కర్ అసలు చోటు దాటాక పడుతుంది. ఎడిటింగ్‌లో కొన్ని సెకన్లు వెనక్కి వెళ్లి వినాలి. పేరు కూడా వెంటనే పెట్టాలి. ‘మార్కర్ 17’ అంటే వారం తర్వాత ఏం గుర్తుంటుంది? ‘రెండో టేక్, చివరి మాట మింగేశారు’ అని రాస్తే చాలు, చెవికి పని తగ్గుతుంది.

సంగీతంలో ఇంకో చిక్కుంది. అక్కడ కాలాన్ని బీట్లలో (తాళపు దెబ్బల్లో), కొన్ని బీట్లు కలిసిన బార్లలో లెక్కపెడతారు. నిమిషానికి 120 బీట్లు, బార్‌కు నాలుగు బీట్లు అయితే 33వ బార్ సరిగ్గా 64వ సెకను దగ్గర మొదలవుతుంది. టెంపో, అంటే ఆ బీట్ల వేగం, 100కి తగ్గిస్తే అదే బార్ మొదలు 76.8 సెకన్ల దగ్గరికి వెళ్తుంది. బార్‌కు కట్టిన మార్కర్ దాంతోపాటే కదులుతుంది. సెకన్లకు కట్టినది 64 దగ్గరే ఉండిపోయి, 27వ బార్ మధ్యలో చూపిస్తుంది. చరణం మొదలుకు పెట్టిన గుర్తు బార్‌తో కదలాలి, సినిమా దృశ్యంలో తలుపు చప్పుడుకు పెట్టినది కదలకూడదు. సెషన్ మొదట్లోనే ఈ సెట్టింగ్ చూసుకోండి.

పని అయ్యాక ఆడాసిటీ లేబుళ్లను (అందులో మార్కర్లకు పేరు అదే) మామూలు టెక్స్ట్ ఫైలుగా బయటికి తీయొచ్చు. ఒక్కో వరుసలో మొదలు సెకను, ముగింపు సెకను, పేరు ఉంటాయి. నేను దాన్ని ఆడియో ఉన్న ఫోల్డర్‌లోనే పెడతాను.