సైటేషన్ల లెక్క, సుబ్బారావు పత్రాలు

వైద్య కళాశాలలోనైనా పశువైద్య కళాశాలలోనైనా పదోన్నతి కోరే అధ్యాపకుడు మూడు ప్రశ్నలకు జవాబు సిద్ధం చేసుకోవాలి. ఎన్ని పరిశోధన పత్రాలు ప్రచురించారు, వాటిని ఇతరులు తమ పత్రాల్లో ఎన్నిసార్లు ఉటంకించారు (అంటే సైటేషన్లు ఎన్ని), ఆ రెంటినీ కలిపి చెప్పే హెచ్-ఇండెక్స్ అనే అంకె ఎంత అన్నవే ఆ ప్రశ్నలు. ఈ లెక్క దేన్ని పట్టుకుంటుందో, దేన్ని జారవిడుస్తుందో గ్రహించడానికి భీమవరంలో పుట్టి అమెరికాలో పనిచేసిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు ప్రచురణల కంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు.

1925లో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే, సుబ్బారావు కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’లో ప్రచురించారు. మాంసకృత్తులను తొలగించిన రక్త నమూనాకు ఆమ్లంలో కలిపిన అమ్మోనియం మాలిబ్డేట్ చేర్చి, ఆపైన అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం వేస్తే కొద్ది నిమిషాల్లో నీలిరంగు తేలుతుంది. భాస్వరం ఎక్కువైన కొద్దీ ఆ నీలం చిక్కబడుతుంది కనుక, పరిమాణం తెలిసిన ద్రావణంతో పోల్చి నమూనాలో ఎంత ఉందో చెప్పవచ్చు. మూత్రపిండాలు దెబ్బతిన్న మనిషి రక్తానికీ, ఈనిన తర్వాత ఎర్రటి మూత్రం పోసే గేదె రక్తానికీ ఇదే పరీక్ష పనికివస్తుంది. ఆ గేదె జబ్బుకు మూలం చాలాసార్లు భాస్వరం లోపమే. అందుకే ఈ పత్రాన్ని దశాబ్దాల పాటు వేలమంది ఉటంకించారు. ఇదే ఇద్దరూ కణంలోని శక్తి వాహకమైన ఏటీపీని గురించి 1929లో ప్రకటించిన పత్రానికి అంతటి సైటేషన్లు రాలేదు. ప్రయోగశాలలో రోజూ చేసే పనికి అక్కరకొచ్చిన పత్రాన్నే ఎక్కువమంది ఉటంకిస్తారు. ప్రోటీన్‌ను కొలవడానికి ఆలివర్ లౌరీ బృందం 1951లో ఇచ్చిన పద్ధతికి 3 లక్షలకు పైగా సైటేషన్లు రావడానికి కారణమూ అదే. ఒక పద్ధతి పాఠ్యపుస్తకాల్లో చేరిపోయాక మాత్రం పేరు చెప్పి ఊరుకుంటారు, మూలపత్రాన్ని ఉటంకించరు, దాంతో లెక్క మళ్లీ తగ్గుతుంది.

సైటేషన్లను క్రమపద్ధతిలో కూర్చాలన్న ఆలోచనను యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ‘సైన్స్’ పత్రికలో ప్రతిపాదించారు. పాత తీర్పులను తర్వాతి తీర్పులు ఎలా వాడుకున్నాయో చూపే అమెరికా న్యాయవాదుల సూచికే ఆయనకు నమూనా. 1961 నాటి 613 పత్రికలను జల్లించి, సుమారు 14 లక్షల సైటేషన్లతో ఆయన సంస్థ ఫిలడెల్ఫియా నుంచి తొలి సూచికను తెచ్చింది. ఒక భావన ఎక్కడెక్కడికి పాకిందో వెతుక్కునే సాధనంగా అది పుట్టింది. ఏ పత్రికలను సూచికలో చేర్చాలో తేల్చుకోవడానికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వచ్చింది. ఒక పత్రిక గత రెండేళ్లలో ప్రచురించిన పత్రాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను ఆ పత్రాల సంఖ్యతో భాగిస్తే వచ్చేది అదే. పత్రిక సగటును రచయిత విలువగా చదవడం తర్వాత మొదలైంది, చిక్కంతా అక్కడే ఉంది. 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ హెచ్-ఇండెక్స్‌ను ప్రతిపాదించాక ఒక మనిషి జీవితకాల కృషి ఒకే అంకెలోకి కుదిరింది. కనీసం 20 సైటేషన్లున్న పత్రాలు 20 ఉంటే ఆ అంకె 20.

ఈ అంకెలతో పశువైద్య పరిశోధకుణ్ణి వైద్య పరిశోధకుడి పక్కన నిలబెట్టడం అన్యాయమని నా అభిప్రాయం. క్యాన్సర్ వైద్య పత్రికల్లో ఒకదాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వందల్లో ఉంటే, పశువైద్య పత్రికల్లో అధికభాగానికి అది 5 కూడా దాటదు. పశువైద్యంలో రాసేవారూ తక్కువే, ఉటంకించేవారూ తక్కువే.

సుబ్బారావు 1940లో అమెరికా మందుల సంస్థ లెడర్లీకి వెళ్లి అక్కడి పరిశోధనకు సారథ్యం వహించాక ఆయన పని ఎక్కువగా ఇతరుల పేర్లతోనే వెలువడింది. అక్కడ తయారైన ఆరియోమైసిన్ పశువులకూ మనుషులకూ వాడే టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్‌ల కుటుంబంలో మొదటిది. దాన్ని ప్రకటించిన 1948 పత్రం లెడర్లీలోనే పనిచేసిన బెంజమిన్ డగ్గర్ పేరున ఉంది. పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్ ల్యుకేమియాపై పనిచేసిన అమినోప్టెరిన్ మందును బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు అందించింది లెడర్లీలోని సుబ్బారావు బృందమే అయినా, అదే ఏడాది వచ్చిన ఫార్బర్ పత్రం రచయితల్లో సుబ్బారావు లేరు. రచయితల వరుసలో లేని పేరును ఏ సూచికా లెక్కించదు.

భారతదేశంలో ఈ లెక్కలు నియామకాల్లోకి నేరుగా దిగింది 2010లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ప్రచురణలకు పాయింట్లిచ్చే విధానం తెచ్చిన తర్వాతే. పాయింట్ల కోసం నాసిరకం పత్రికలు పెరిగాయి. వాటిని ఏరేయడానికి యూజీసీ తెచ్చిన ‘కేర్’ అనే ఆమోదిత పత్రికల జాబితాను కూడా 2025 ఫిబ్రవరిలో ఎత్తివేసింది. పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో వ్యక్తిని తూచవద్దని 2012లోనే పరిశోధన మూల్యాంకనంపై వచ్చిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన కోరింది. మన ఎంపిక సంఘాలపై దాని ప్రభావం స్వల్పమే.

వైద్య అధ్యాపకుల పదోన్నతికి మొదటి ఇద్దరు రచయితలకే గుర్తింపు ఇవ్వాలని భారత వైద్య మండలి 2015లో నిబంధన పెట్టింది, తర్వాతి సవరణల్లో దాన్ని సడలించింది. బోదకాలుకు మన ఊళ్లలో ఇప్పటికీ పంచే డీఈసీ (డైఇథైల్‌కార్బమజీన్) మాత్ర వెనుక ఉన్న 1947 నాటి పత్రాన్ని ఆ నిబంధనతో చూడండి. పత్తి ఎలుకల మీద, కుక్కల మీద చేసిన పరీక్షలను అది వివరిస్తుంది. మనుషుల ఫైలేరియాకూ కుక్కల గుండెపురుగు నివారణకూ దారి చూపింది ఆ పరిశోధనే. దాని ఆరుగురు రచయితల్లో సుబ్బారావు పేరు చిట్టచివర ఉంది, 2015 నిబంధన ప్రకారం అది ఆయన ఖాతాలో చేరదు.