మెకాలే అనని మాటలు, అన్న మాటలు

డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెబుతాను. ఏటా ఎవరో ఒకరు, మన దేశంలో పనిచేసిన బ్రిటిష్ అధికారి మెకాలే గురించి ఫోనులో వచ్చిన మెసేజ్ నా ముందు పెట్టి, "ఇది చూశారా సార్?" అని అడుగుతారు.

అపోహ: "భారతదేశం నలుమూలలా తిరిగాను, ఒక్క బిచ్చగాడూ ఒక్క దొంగా కనిపించలేదు. ఈ దేశపు వెన్ను విరవాలంటే చదువును మార్చాలి" అని 1835 ఫిబ్రవరి 2న మెకాలే బ్రిటిష్ పార్లమెంటులో ప్రసంగించాడు.

వాస్తవం: ఆ రోజు ఆయన కలకత్తాలో ఉన్నాడు. లండన్ వెళ్లాలంటే ఓడలో నెలలు పట్టే కాలమది. ఆ తేదీతో ఉన్నది గవర్నర్ జనరల్ బెంటింక్‌కు ఆయన రాసిచ్చిన విద్యా మినిట్, అంటే విద్య మీద తన అభిప్రాయం చెప్పిన అధికారిక పత్రం. అందులో ఈ వాక్యాలు లేవు. అయినా, దొంగలే లేని దేశానికి మూడేళ్లు తిరగకుండానే శిక్షాస్మృతి ముసాయిదా ఎందుకు రాసినట్టు?

ఆయన్ను తిట్టడానికి లేని మాటలు పుట్టించాల్సిన పని లేదు. మంచి యూరప్ గ్రంథాలయంలో ఒక్క అర, భారత అరబ్బు సాహిత్యమంతటికీ సాటి అని ఆ మినిట్‌లోనే ఉంది. తనకు సంస్కృతమూ అరబ్బీ రావనీ అక్కడే ఒప్పుకున్నాడు! మొన్న ఒక విద్యార్థికి దాని ప్రతి ఇస్తే, రెండు రోజులకు తిరిగొచ్చి, "ఫోనులో వచ్చిందే నయం సార్" అన్నాడు.

అపోహ: ఇంగ్లీషు చదువును ఆయనొక్కడే మన నెత్తిన రుద్దాడు.

వాస్తవం: కలకత్తా పెద్దలు 1817లోనే ఇంగ్లీషు చదువు చెప్పే హిందూ కాలేజీ పెట్టుకున్నారు. సంస్కృత కళాశాల వద్దు, ఆధునిక శాస్త్రాలు చెప్పించండి అని రామ్మోహన్ రాయ్ 1823లో లేఖ రాశాడు. మెకాలే చేతికి చిక్కింది ప్రభుత్వ విద్యా కమిటీ ఖర్చుల లెక్క. సంస్కృతం, అరబ్బీ పుస్తకాల అచ్చుకు మూడేళ్లలో సుమారు అరవై వేల రూపాయలు పోస్తే, అమ్మకాల మీద వెయ్యి కూడా రాలేదు. ఇరవై మూడు వేల సంపుటాలు గదుల్లో మూలుగుతున్నాయి. తన వాదనకు పనికొచ్చే లెక్కే ఏరుకున్నాడనుకోండి, అది వేరే సంగతి.

అపోహ: మన దేశంలో ఆయన్ను మెచ్చుకునేవారే లేరు.

వాస్తవం: దళిత ఆలోచనాపరుడు చంద్రభాన్ ప్రసాద్ అక్టోబరు 25న మెకాలే పుట్టినరోజు జరిపారు. కులాన్ని బట్టి శిక్ష మారని శిక్షాస్మృతి, కొందరి సొత్తు కాని భాష అన్నవి ఆ అభిమానానికి కారణాలు. ఈ వాదనను కొట్టిపారేయలేను. కానీ పరిమిత వనరులతో ప్రజలందరికీ చదువు చెప్పడం తమ వల్ల కాదనీ, మధ్యవర్తులుగా ఉండే ఒక వర్గాన్ని తయారు చేస్తే చాలనీ మినిట్‌లో రాసింది కూడా ఆయనే. ఆ వర్గంలో మొదట చేరినవాళ్లు ఎక్కువగా అగ్రవర్ణాలవారు.