రాజ్మా గింజ లేపిన తెల్లకణం

లింఫోసైట్‌ను ఒకప్పుడు వైద్యులు చివరి దశకు చేరిన కణంగా లెక్కగట్టేవారు. రక్తంలో తిరిగే ఈ చిన్న తెల్లకణం ఇక విభజన చెందదని చాలామంది నమ్మకం. 1960లో ఫిలడెల్ఫియాలో పరిశోధకుడు పీటర్ నోవెల్ తన ప్రయోగశాల పాత్రల్లో అవే కణాలు విభజన చెందుతూ ఉండటం గమనించారు. ఆరా తీస్తే కారణం రాజ్మా గింజల నుంచి తీసిన ఫైటోహీమగ్లుటినిన్ అని తేలింది. ఎర్రకణాలను ముద్దకట్టించి తొలగించడానికి వాడిన పదార్థం అది! మానవ రోగనిరోధక కణాలను ప్రయోగశాలలో పెంచే విద్య ఇలా దాదాపు పక్కదారిలో దొరికింది.

ముందుగా ఆ కణాలను రక్తం నుంచి విడదీయాలి. మిల్లీలీటరుకు 1.077 గ్రాముల సాంద్రత ఉన్న ఫికాల్ అనే చిక్కని ద్రావణం మీద, పలుచన చేసిన రక్తాన్ని మెల్లగా పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. ఎర్రకణాలు, గ్రాన్యులోసైట్లు అనే బరువైన తెల్లకణాలు అడుగుకు దిగిపోతాయి. పైన ప్లాస్మా నిలుస్తుంది. ఫికాల్‌కూ ప్లాస్మాకూ మధ్య మసకగా కనిపించే పలుచని పొరలోనే లింఫోసైట్లు, మోనోసైట్లు అనే మరో రకం తెల్లకణాలు ఉంటాయి. పిపెట్‌తో దాన్ని తీసేటప్పుడు చేయి వణికితే పొరలు కలిసిపోతాయి.

ఆ తర్వాత దారులు వేరు. మోనోసైట్లకు ప్లాస్టిక్‌కు అతుక్కునే గుణం ఉంది కనుక మిగతావాటిని కడిగేయవచ్చు. జీఎం-సీఎస్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-4 అనే సంకేత ప్రోటీన్లు అందిస్తే సుమారు వారంలో అవి కొమ్మలు చాచిన డెండ్రైటిక్ కణాలవుతాయి. ఎం-సీఎస్‌ఎఫ్ అనే మరో ప్రోటీన్ ఇస్తే సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్‌లవుతాయి. సంఖ్య పెద్దగా పెరగదు, రూపమే మారుతుంది. ఒకే కణం అందిన సంకేతాన్ని బట్టి వేరే వృత్తిలోకి మళ్లడం నాకు ఈ కథలో అన్నిటికన్నా అబ్బురం.

లింఫోసైట్లలో ఒక రకమైన టీ కణాలు మాత్రం నిజంగానే గుణించుకుపోతాయి. శరీరంలో వాటిని మేల్కొలపడానికి రెండు సంకేతాలు కావాలి. ప్రయోగశాలలో సీడీ3, సీడీ28 అనే గ్రాహకాలను తాకే యాంటీబాడీలు ఆ పని చేస్తాయి. ఆపై ఇంటర్‌ల్యూకిన్-2, 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉంటే సుమారు రెండు వారాల్లో వందల రెట్లు కూడా పెరగగలవు. 2017లో అమెరికా అనుమతించిన తొలి కార్-టీ క్యాన్సర్ చికిత్స వెనుక ఉన్నది ఈ పెంపకమే. రోగి టీ కణాలకే కొత్త జన్యువును చేర్చి, పెంచి, తిరిగి ఎక్కిస్తారు.

అయితే ఎక్కువ కణాలుంటే ఎక్కువ మేలని అనుకోకూడదు. పదే పదే ఉత్తేజితమైన టీ కణం అలసిపోతుంది. శరీరంలోకి వెళ్లాక ఎక్కువ కాలం నిలవదు. అందుకే ఇప్పుడు కొందరు పరిశోధకులు పెంపకపు రోజులను వీలైనంతగా కుదిస్తున్నారు.